పతకాలు లేని కోటు

యుద్ధం ముగిసి సరిగ్గా ఆరేళ్లయింది.

ఆ నవంబరు ఉదయం చర్చి ముందు, చనిపోయిన సైనికుల స్మారక స్తంభం దగ్గర జనం వరసలు కడుతున్నారు. ముందు పతకాలున్నవాళ్లు, వెనక తల్లులు, భార్యలు.

ఆ వరసలు సరిచూసేది చర్చి పెద్ద టిడ్‌మార్ష్. ఆయన కొడుకు సిరిల్ విమాన దళంలో పోరాడి క్షేమంగా తిరిగొచ్చాడు.

ముందు వరసలోకి ఒక కొత్త మనిషి వచ్చి నిలబడ్డాడు. గుర్రపు జీనుల దుకాణం పైగదిలో ఈమధ్యే అద్దెకు దిగిన లవిబాండ్. చేతిలో, యుద్ధంలో పోయినవాళ్లకి పెట్టే ఎర్ర గసగసాల పూలదండ. కోటు మీద ఒక్క పతకం లేదు.

మీది ఏ దళమని టిడ్‌మార్ష్ అడిగాడు.

దళమేమీ లేదని, యుద్ధమంతా విమానాల కర్మాగారంలో ఉన్నానని, అక్కడ ఆరుగురు స్నేహితులు పడి చనిపోయారని, ఈ దండ వాళ్ల కోసమని అతను చెప్పాడు.

"నిచ్చెన మీంచి పడ్డారా బాబూ?" అన్నాడు టిడ్‌మార్ష్.

ముందు వరస నవ్వింది.

"నా కొడుకు తూటాల మధ్య ఎగురుతుంటే తమరు వేళకి భోంచేసి సొంత మంచం మీద పడుకున్నారన్నమాట. వెనక ఆడవాళ్లతో నిలబడండి. దండ ఇక్కడ పెట్టడానికి లేదు."

లవిబాండ్ వెళ్లి వెనక వరసలో నిలబడ్డాడు. ప్రార్థన అయ్యాక ఆ దండ చేత్తో పట్టుకునే గదికి నడిచాడు.

దేవుడి గుమ్మం ముందు ఈ ముందు వెనకలేమిటని ఎవరికీ తోచలేదు.

క్రిస్మస్‌కి సిరిల్ ఇంటికొచ్చాడు. పొద్దున టీ దగ్గర పత్రిక చదువుతున్న తల్లి ఆగిపోయింది. కొత్త విమానాన్ని పరీక్షిస్తూ లవిబాండ్ అనే పైలట్ కూలి మరణించాడట. జీనుల దుకాణం పైన ఉండే ఆయనేనట.

అతను పైలటా అని టిడ్‌మార్ష్ ఆశ్చర్యపోయాడు. నవంబరు సంగతి కొడుక్కి చెబుతూ నవ్వబోయాడు. సిరిల్ ముఖం చూసి ఆ నవ్వు మధ్యలోనే ఆపేశాడు.

"మాకిచ్చిన విమానాలు ఉన్నట్టుండి గిరగిరా తిరుగుతూ పడేవి నాన్నా. అందులోంచి బయటపడే దారి ఎవరికీ తెలీదు. కర్మాగారంలో పరీక్షించిన ఆరుగురూ పోయారు. ఏడో ఆయన కావాలనే దాన్ని తిప్పి, బతికొచ్చి, ఏం చెయ్యాలో మాకు రాసి పంపాడు."

టిడ్‌మార్ష్ బల్ల మీది గుడ్డ అంచు సరిచేస్తూ ఉండిపోయాడు. తల ఎత్తలేదు.

"ఫ్రాన్సులో నేను మూడుసార్లు అలా పడ్డాను. మూడుసార్లూ నన్ను నీ దగ్గరికి తిరిగి పంపింది ఆ లవిబాండే నాన్నా."