వాడకం: సున్నా

“ఆ రెండూ కూడా తీసేయండి,” అన్నాడు మేనేజరు, ఆమె భుజం మీంచి కంప్యూటర్ తెరలోకి తొంగిచూస్తూ.

“మిగతావన్నీ తీసేశాను సార్. ఈ రెండూ ఉండనివ్వండి,” అంది కంట్రోలర్ ఇంజినీరు.

“ఎందుకుండాలి? పక్కన ఏం రాసుందో చదవండి.”

ఆమె పొద్దుట్నుంచీ చదువుతూనే ఉంది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో యంత్రాలన్నిటినీ నడిపే పాత కంట్రోలర్ తీసి ఇవాళ కొత్తది పెడుతున్నారు. పొయ్యి వేడికి, బెల్టుకి, ప్రతి మోటారుకి ప్రోగ్రాములో ఒక్కో పేరు ఉంటుంది. వాటినే వేరియబుల్స్ అంటారు. ఏ పేరుతో ఎంత పనుందో సాఫ్ట్‌వేరే వెతికి చెబుతుంది. పనిలేని పేర్లు ఏరిపారేసి, మిగిలినవి కొత్తదానిలోకి ఎక్కించాలి. ఎప్పుడో ఈ ప్రోగ్రాము రాసిన పెద్ద ఇంజినీరు, ఇంట్లో పిల్లలకు పెట్టుకున్నట్టు పేర్లు పెట్టుకున్నాడు. పెద్దపొయ్యి, చల్లబెట్టు, చిన్నబెల్టు. ఇప్పుడు తగాదా వచ్చిన ఈ రెండూ ‘బడిగంట’, ‘మూతమోటారు’. రెండింటి పక్కనా ఒకటే మాట. వాడకం: సున్నా.

“సార్, పక్క బడి వదిలే వేళకి మన పొయ్యి గొట్టానికి అటువైపున్న మూత తెరుచుకుంటుంది. వీధంతా బిస్కెట్ల వాసన. దాన్ని తెరిచేవి ఇవే.”

“బిస్కెట్ల ఫ్యాక్టరీలో బిస్కెట్ల వాసన రాక మల్లెపూల వాసనొస్తుందా?”

“రోజంతా రాదు సార్. ఆ కాసేపే వస్తుంది. నేను ఆ బళ్ళోనే చదువుకున్నాను.”

ఆ రోజుల్లో అమ్మ ఇక్కడే ప్యాకింగులో పనిచేసేది. బడి గంట కొట్టగానే పిల్లలంతా గేటు దగ్గర ముక్కులెగరేసుకుంటూ నిలబడేవాళ్ళు. ఇవాళ పాలవా, అల్లంవా అని పందేలు కట్టుకునేవాళ్ళు. తనకు మాత్రం ఆ వాసనంటే, అమ్మ చేతిసంచీ తగిలించుకుని బయల్దేరుతోందని. అమ్మ పోయాక కూడా అదే వేళకి అదే వాసన. ఈ ఉద్యోగంలో చేరడానికి వేరే కారణమంటూ ఏమీ లేదు.

“మోటారే లేకపోతే ‘మూతమోటారు’ అని పేరు ఎవరైనా పెడతారా సార్? పాత వైరింగులో ఎక్కడో కలిసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కి కనిపించడం లేదంతే.”

“ఆ వైరు దొరికిందా?”

“వెతుకుతున్నాను.”

“దొరకదు. పనిచేయని పేర్లన్నీ మోసుకుపోవడానికి ఇదేమన్నా పాతసామాన్ల కొట్టా? పైగా నిజంగానే ఆ మూత తెరుచుకుంటోందంటే ముందు దాన్నే ఆపాలి. పొయ్యి వేడంతా వీధిపాలు చేస్తామా?”

గుమ్మంలో పొయ్యి మేస్త్రి చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. అమ్మతో కలిసి పనిచేసినవాళ్ళలో ఇంకా మిగిలింది ఆయనొక్కడే. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“బాబాయ్, మీరైనా చెప్పండి. ఇవి తీసేస్తే ఆ వాసన ఆగిపోదూ?”

మేస్త్రి మేనేజరు వైపు ఓసారి చూశాడు. మెడలోని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“తీసెయ్ తల్లీ. ఏం కాదు.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఉన్న ఒక్క మనిషీ ప్లేటు ఫిరాయించేశాడు. ఇంకెవరితో వాదించాలి? రెండు పేర్లనీ ఎంచి మీట నొక్కింది. ‘నిజంగానే తీసేయాలా?’ అని అడిగింది సాఫ్ట్‌వేర్. ఆ మాత్రం అడిగిన దిక్కు అదొక్కటే. అవునని మళ్ళీ నొక్కింది.

పాత కంట్రోలర్ దిగింది, కొత్తది ఆ గూట్లో కూర్చుంది. పొయ్యి అంటుకుంది. బెల్టు మీద బిస్కెట్లు బుద్ధిగా వరస కట్టాయి. మేనేజరుకి సంతోషం పట్టలేక అందరికీ టీ తెప్పించాడు. మేస్త్రి మాత్రం తన కప్పు మూతేసి పక్కన పెట్టి, “కాస్త గాలి పీల్చుకునొస్తా” అంటూ వెళ్ళాడు. ఆమె ఆయన మొహం కూడా చూడలేదు.

పక్క బళ్ళో గంట మోగింది. పిల్లలు ఊరికే ముక్కులెగరేసుకుంటూ నిలబడటం చూడలేననిపించి, ఆమె కిటికీ మూయబోయింది. చెయ్యి ఇంకా రెక్క మీదే ఉంది. వాసన వచ్చింది. అల్లం బిస్కెట్లది. కింద గేటు దగ్గర ఎవరో పందెం గెలిచినట్టున్నారు, ఒకటే గోల.

ఆమె తెర దగ్గరికి పరుగెత్తింది. బడిగంట లేదు. మూతమోటారు లేదు. గొట్టానికి మూత అనేది ఒకటుందని కూడా కొత్త కంట్రోలర్‌కి తెలియదు. ఇక ఆగలేక ఇనప మెట్లెక్కి పైకప్పు మీదికి వెళ్ళింది.

గొట్టం పక్కన మేస్త్రి. ఒక కాలు గోడకి తన్నిపెట్టి, మూతకి కట్టిన గొలుసుని రెండు చేతులా లాగిపట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చేతులు పడేచోట ఇనుము నునుపుదేలి మెరుస్తోంది.

“మేనేజరుతో అనకమ్మా,” అన్నాడు రొప్పుతూ.

ఆమె వెళ్ళి గొలుసుకి తనూ చెయ్యి వేసింది. ఇద్దరూ పట్టుకున్నా బరువుగానే ఉంది. కింద పిల్లల గోల సద్దుమణిగేదాకా ఆగి అడిగింది.

“మరి మోటారేది బాబాయ్?”

“పెద్ద ఇంజినీరు గారు ప్రోగ్రాములో దాని పేరైతే రాసేశారు తల్లీ. మోటారు వచ్చే నెల కొంటాం, అందాకా నువ్వు లాగుతుండు అన్నారు.”