మొదటి రీలు

"ఇయ్యాల్టి సంది రాకాసి బాంబుతోని పుట్టలేదు. సముద్రంలనే పుట్టింది. మనుషులే బాంబేసి దాన్ని సంపిన్రు. సమజైందా?" అన్నాడు టూరింగ్ టాకీసు యజమాని సీతారామయ్య.

కాటయ్య అతని ముఖంలోకి చూశాడు. సూర్యాపేటలో వారం రోజులుగా ఆడుతున్నది పరదేశపు సినిమా. ఆ భాష ఎవరికీ రాదు కనుక తెర పక్కన కూర్చుని మైకులో కథ చెప్పడం కాటయ్య పని. బాంబు పేలుతుంది. ఆ వేడికి సముద్రం అడుగున రాకాసి పుట్టి పైకి లేస్తుంది, పట్నాలను తొక్కేస్తుంది. రోజూ అతను చెప్పే కథ ఇదే.

"నిన్న మన దేశం ఆటంబాంబు పేల్చిందని రేడియోల చెప్పిన్రు. బజార్ల మిఠాయిలు పంచుతున్నరు. నువ్వేమో బాంబుతోని రాకాసి పుడ్తదంటే జనం ఊకుంటరా?"

"బొమ్మ మారదు గద సేటూ. బాంబు మొదటి రీల్లనే ఉంటది."

"దాన్ని ఆఖరుకు ఏపిస్త. బాంబు మబ్బు లేవంగనే నేను చెయ్యెత్తుత, ఆపరేటరు జానయ్య మిషను ఆపుతడు. నీతోని కాకుంటే చెప్పు, మైకు ఇంకొకనికిస్త."

కాటయ్య తలూపాడు. మంచం పట్టిన భార్యకు మందులు ఆ మైకు మీదే వస్తున్నాయి.

సాయంత్రం ఆటకు డేరా నిండిపోయింది. కాటయ్య చెప్పమన్నట్టే చెప్పాడు. రాకాసి పట్నాన్ని తొక్కుతుంటే జనం కిక్కురుమనలేదు. ఆఖరున జానయ్య మొదటి రీలు ఎక్కించాడు. తెల్లటి మబ్బు తెరంతా లేచింది.

"సచ్చింది," అన్నాడు కాటయ్య మైకులో.

నేల టికెట్టు జనమంతా లేచి ఈలలు వేశారు. సీతారామయ్య కూడా లేచి చప్పట్లు కొట్టాడు. ఆ సంబరంలో చెయ్యెత్తడం మరిచిపోయాడు.

మిషను ఆగలేదు. మబ్బు కింద పడవలు కాలాయి. ఒక తల్లి, ఒళ్లంతా బొబ్బలెక్కిన బిడ్డను ఎత్తుకుని నడిచింది. ఈలలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. తర్వాత సముద్రం పొంగింది. అందులోంచి రాకాసి తలెత్తింది.

ముందు వరుసలోని వరి నాట్ల కూలీ సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సచ్చిందంటివి గద కాటన్నా. మల్ల లేస్తున్నదేంది?"

ఏదో ఒకటి చెప్పమని సీతారామయ్య దూరం నుంచి సైగ చేశాడు. కాటయ్య మైకు దగ్గరికి జరుపుకున్నాడు.

"కత గిప్పుడే షురువైంది చెల్లె."