ఉతికిన దుప్పటి

ఊళ్లో ఇళ్ల గోడలన్నిటికీ మాటలొచ్చాక, మనుషులకే కాదు, పెంపుడు జంతువులకు కూడా సంబంధాలు చూసే పని వాటి మీదే పడింది. విశాఖలో నలభయ్యారేళ్ల బ్రహ్మచారి భానోజీ ఇంట్లో దొరబాబు అనే మగ గినీ పంది ఒంటరిగా ఉంటోంది. గినీ పందిని ఒంటరిగా పెంచడం నేరం కాబట్టి, సోమవారంలోగా దానికి తోడు దొరక్కపోతే జంతువుల ఆఫీసు వాళ్లొచ్చి పట్టుకుపోతారు. వాసనను బట్టి జోడీ కుదురుతుంది కాబట్టి, దొరబాబు పడుకునే దుప్పటి పంపమంది గోడ.

ఆడపిల్ల వాళ్లింటికి మాసిన గుడ్డ పంపుతామా అనుకుని భానోజీ దాన్ని రెండుసార్లు ఉతికి, ఇస్త్రీ చేసి, అత్తరు కూడా చల్లి పంపాడు. తొమ్మిది ఆడ గినీ పందులు దాన్ని వాసన చూసి మూతి తిప్పుకున్నాయి.

“ఏటి బాబూ, ఈ దుప్పట్లో జంతువే నేదు. అత్తరు పూసుకున్న పెద్దమనిషెవడో ఉన్నాడు,” అంది గోడ.

భానోజీకి తన పెళ్లి సంబంధాలకు పంపే ఫొటో గుర్తొచ్చింది. జుట్టుకు రంగు, అద్దె సూటు, పొట్ట లోపలికి లాక్కుని బిగబట్టిన ఊపిరి. ఇరవై ఏళ్లుగా అది గోడకు కొట్టిన బంతిలా తిరిగొస్తూనే ఉంది. తన తెలివికి తనే ఫక్కున నవ్వుకున్నాడు.

ఆదివారం వెంట్రుకలు, కొత్తిమీర కాడలు అంటుకున్న దుప్పటిని ఉన్నదున్నట్టు పంపాడు. సాయంత్రానికల్లా సీతమ్మధారలో ఒక ఆడ గినీ పంది అందులోనే ముడుచుకుని పడుకుందని కబురొచ్చింది.

“గోడా, నా ఫొటో కూడా మార్చెయ్. పొద్దున్న పళ్లు తోముకోకముందు తీసింది పెట్టు,” అన్నాడు భానోజీ హుషారుగా.

గోడ కంగారుపడింది.

“అంత తెగింపొద్దు బాబూ. మొకమైనా కడుక్కో.”