తెగని పాట

ఊపిరితిత్తులు పాడైనవాళ్లందరికీ అప్పట్లో ఛాతీ మీద చిన్న యంత్రం ఉండేది. దాన్ని ఆడించేది మాత్రం ఎక్కడో ఉన్న ఆసుపత్రి, నెట్‌వర్క్ మీద. మధ్యలో ఎవరూ చొరబడకుండా ఇంటింటికీ ఒక ఫైర్‌వాల్ పెట్టె కాపలా. మంగాయమ్మ భర్త వీర్రాజు ఊపిరీ అలాగే నడుస్తోంది. పాత పెట్టె మార్చాలని ఆవిడ కంపెనీ అమ్మాయి షాహీన్‌ని పిలిపించింది.

"ఇవి జంట పెట్టెలు మామ్మగారూ. ఒకటి ఆగితే అరసెకనులో రెండోది లేస్తుంది."

"అరసెకనైనా ఎందుకాగాలమ్మా? రోజంతా ఆగకుండా సాగే ఏకాహం భజనలో రెండో జట్టు గొంతు కలిపాకే కదా మొదటి జట్టు లేచేది!"

షాహీన్ ఒక్క క్షణం ఆలోచించి ఇంకో జత తీసి బిగించింది. "ఇవి రెండూ ఎప్పుడూ కలిసే పాడతాయండీ."

"నమ్మకు. వైరు పీకి చూడు," అన్నాడు వీర్రాజు. ఒకప్పుడు ఏకాహాల్లో ముందు గొంతు ఆయనదే. కళ్లు మూసుకుని రామనామం ఎత్తుకున్నాడు.

మంగాయమ్మ ఒక పెట్టె వైరు లాగేసింది. దాని దీపం ఆరిపోయింది. పాట మాత్రం ఎక్కడా తెగలేదు. వైరు చేత్తో పట్టుకుని ఆవిడ అలాగే నిలబడిపోయింది.

వీర్రాజు చరణం ముగించి కళ్లు తెరిచాడు.

"ఇంకా పీకవేంటే?"