ముళ్లపంది పెట్టిన నిషేధం

ఎండలు ముదిరిన అడవిలో జంతువులు ఒక చిన్న ఆఫీసు నడుపుకునేవి. ఏ మడుగులో నీళ్లు మంచివో చెప్పే ఫైలు అక్కడి కంప్యూటర్లన్నిటిలోనూ కనిపించేది. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్చొచ్చు.

ఒకరోజు కోతి దాన్ని పొరపాటున చెరిపేసింది. కంప్యూటర్లు చూసుకునే ముళ్లపందికి ఒళ్లు మండింది. ఫైలు మళ్లీ రాసిపెట్టి, "ఇకమీదట అందరూ చూడటమే. ఫైలు మార్చడం, ఈ సెట్టింగు మార్చడం అందరికీ నిషేధం" అని బిగించేసింది.

వారం తిరక్కుండానే లేడి రొప్పుతూ వచ్చింది.

"అన్నా, తూర్పు మడుగు నీళ్లు చెడిపోయాయి. నా కూన తాగి పడిపోయింది, మళ్లీ లేవలేదు. తొందరగా ఫైల్లో రాయి."

ముళ్లపంది రాయబోయింది. 'మీకు అనుమతి లేదు' అంది కంప్యూటర్. సెట్టింగు మార్చబోయినా అదే మాట. అందరిలో తానూ ఉన్నానని దానికి అప్పుడు తట్టింది.

లేడి మడుగు దగ్గరికి పరిగెత్తింది. తాగొద్దని గొంతు చించుకుని అరిచింది.

"ఫైల్లో మంచివనే ఉంది కదా వదినా, ఇప్పుడే చూసొచ్చాం" అంటూ దుప్పులు నీళ్లలోకి మూతులు వంచాయి.

అవి అబద్ధమాడలేదు. చూడటానికి అందరికీ అనుమతి ఉంది.