గౌరునాయుడి మారుమనిషి

విశ్వవిద్యాలయంలో ఇప్పుడు మీటింగులకూ, క్లాసులకూ, డిగ్రీ పరీక్షలకూ మనుషులెవరూ రారు. ఒక్కొక్కరికీ అరచేతిలో పట్టే పెట్టె ఒకటుంది. దాన్ని మారుమనిషి అంటారు. వాళ్ల బదులు అదే మాట్లాడుతుంది, అదే రాస్తుంది. అంత పెద్ద భవనంలో ఊపిరి పీల్చేవాడు అటెండరు గౌరునాయుడు ఒక్కడే. బల్లకో గ్లాసు మంచినీళ్లు పెట్టడం అతని పని. సాయంత్రానికి ఆ నీళ్లన్నీ మొక్కల పాలు.

సోమవారం మీటింగులో అతని ఉద్యోగం ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తారు.

"నాను లోపలికొచ్చి రెండు మాటలు సెప్పుకుంతానండి," అని రిజిస్ట్రారు గారి పెట్టెను అడిగాడు.

"మనుషులకి కుర్చీల్లేవు నాయుడూ. ట్రైనింగుకెళ్లి నీ మారుమనిషిని తయారు చేసుకో," అంది పెట్టె.

ఎనిమిదో తరగతిలో బడి మానేశాక అతను క్లాసులో కూర్చోవడం అదే మొదలు. గదినిండా ఖాళీ బల్లలే. అతని మాటలు విని అతని పెట్టె నేర్చుకుంటుంది, ఆఫీసర్లతో ఎలా మాట్లాడతాడో దానితో అలాగే మాట్లాడమని పాఠం చెప్పే పెట్టె అంటే, మూడు రోజులూ వినయంగా మాట్లాడాడు. కడుపులో ఉన్న తిట్లు మాత్రం ముప్ఫయ్యేళ్లుగా మింగినట్టే మింగేశాడు.

సోమవారం తన పెట్టెను లోపల బల్ల మీద పెట్టి, నీళ్ల ట్రేతో తలుపు బయట నిలబడ్డాడు.

"నీ పోస్టు ఎత్తేద్దామనుకుంటున్నాం నాయుడూ. ఏమంటావు?" అంది రిజిస్ట్రారు గారి పెట్టె.

"తమరెలాగంటే అలాగేనండి," అంది లోపల అతని గొంతు. "మంచినీళ్లు తెమ్మంతారేటండి?"

ఎవరూ తెమ్మనలేదు. గౌరునాయుడు ట్రేలోంచి ఒక గ్లాసు తీసుకుని తనే తాగేశాడు.