రెండో కోటు

“మాటలు తర్వాత, ముందు చొక్కా తొడుక్కో కొత్తమ్మాయ్!” అంటూ పెద్దక్క ఒక పసుపు చొక్కా విసిరింది. గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయిన ఆమె, ఆగిపోయి దాన్ని చీర మీదే తొడుక్కుంది. ‘కొత్తమ్మాయి’ అన్న పేరు అక్కడికక్కడే అతుక్కుపోయింది.

సేవకు వచ్చినవాళ్లు రెండు వ్యాన్ల జనం. ఒక్కో ప్రార్థన మందిరం నుంచి కొందరు, ఒకరికొకరు ముక్కూ మొహం తెలియనివాళ్లు. పసుపు చొక్కా ఉంటే మనవాళ్లే, అదీ గుర్తు. వాళ్లని నడిపించే పెద్దక్క మంచి మనిషే. అవతలివాళ్ల మాట పూర్తి కానిస్తే ఇంకా మంచి మనిషి.

“బిడ్డ పోయిన ఇల్లమ్మా ఇది,” పెద్దక్క గొంతు తగ్గించింది. “చిన్న పిల్లాడట. రంగులేస్తే ఆ తల్లికి కాస్త ప్రాణం లేచొస్తుందని పక్కింటామె బతిమాలింది. తాళంచెవి మనకిచ్చి పనికెళ్లిపోయింది.”

“మరి తల్లేదీ?” నిచ్చెన మీంచి అడిగాడు రిటైరైన మాస్టారు.

“పొద్దున్నే ఎటో పోతుందట. ఎవరితోనూ మాట్లాడదట.”

“బాగుంది వరస! మనకి మంచినీళ్లిచ్చే దిక్కు కూడా లేదన్నమాట.”

కొత్తమ్మాయి లోపలికెళ్లి నీళ్లు తెచ్చిచ్చింది. గది చీకటిగా ఉంటే తలుపు వెనక చెయ్యిపెట్టి లైటు వేసింది. ఎంత లాగినా రాని కిటికీ గడియను కాస్త పైకెత్తి తీసింది.

“పనిమంతురాలివే! ఏ మందిరం మీది?” అన్నాడు మాస్టారు.

జవాబు వచ్చేలోపే పెద్దక్క రంగులేసే రోలరు ఆమె చేతిలో పెట్టింది. “ఈ గోడ నీది.”

గోడ మూల పెన్సిలు గీతలు, ఒకదాని పైన ఒకటి. పిల్లాడు ఎదిగిన కొలతలు. అన్నిటికన్నా పై గీత ఆమె నడుము దాకా వచ్చింది. ఆమె మిగతా గోడంతా రంగు వేసి, ఆ మూల దగ్గర ఆగింది.

“ఇది వదిలేద్దాం అక్కా.”

“అయ్యో పిచ్చిదానా! తల్లి కంటబడితే గుండె చెరువైపోదూ?”

“ఆమెనొకసారి అడిగి...”

“అడిగి మరీ ఏడిపిస్తామా? కానియ్, కానియ్.”

ఆమెకి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. తిమ్మిరెక్కిన కాలు మీద ఎవరో నిలబడ్డట్టుంది, అంతే. రోలరు కింద గీతలు మసకబారాయి.

“ఇంకా కనిపిస్తున్నాయి. రెండో కోటు వెయ్యి.”

వేసింది.

“ఈ పిల్లకీ ఏదో కష్టం ఉన్నట్టుందమ్మా,” మాస్టారు గుసగుసలాడాడు.

“ఉంటే ఉంటుంది లెండి. నలుగురికి సేవ చేస్తే అదే తగ్గుతుంది.”

సాయంత్రం అందరూ ఆ తెల్లటి గోడ ముందు చేరి, ఆ తల్లిని ఓదార్చమని దేవుణ్ని వేడుకున్నారు. పెద్దక్క నిజంగానే వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూ కొత్తమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బయట డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. అందరూ ఎక్కేశారు. కొత్తమ్మాయి మాత్రం గుమ్మంలోనే ఉండిపోయింది.

“రామ్మా, ఎక్కు! పొద్దుపోతోంది. మీ ఇంటి దగ్గర దింపేసి వెళ్తాంలే,” పెద్దక్క వ్యాను కిటికీలోంచి పిలిచింది.

ఆమె పసుపు చొక్కా తీసి, మడతపెట్టి, కిటికీలోంచి అందించింది. పొద్దున గుమ్మంలో చెప్పబోయి ఆగిపోయిన మాట ఇప్పుడు చెప్పింది.

“మా ఇల్లు ఇదే.”